వారమున కొక్కమారు

వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటిలో మూడు సంగతు లుండును: ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పు డెప్పుడు. మొదటి రెంటిని మనము శ్రద్ధగానే చూచుకొందుము. మందు పేరు సరిపోయినదో లేదో అంగడిలో అడుగుదుము, మాత్రలు లెక్కపెట్టుకొందుము. మూడవదానిని మాత్రము తేలికగా తీసికొందుము. మందనగా ఉదయ మొకటి, రాత్రి యొకటి యని మనకు అలవాటైపోయినది. ఈ యలవాటే ప్రాణాపాయమునకు దారితీయు మందొకటి కలదు. దాని పేరు మెథోట్రెక్సేట్.

ఈ మందు కథలో తెలుగువాని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, 1945లో ఆ సంగతిని ప్రకటించెను. పిదప ఆ ఆమ్లమును పోలియుండియు దాని పనికి అడ్డుపడు పదార్థములను గూడ అచ్చటనే రూపొందించిరి. వానిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను బోస్టన్ వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా ఉపశమించినదని 1948లో లోకమునకు తెలిపెను. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబములోనిదే.

శరీరములోని కణములు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆ వినియోగమును మెథోట్రెక్సేట్ అడ్డగించును. పెద్ద మోతాదులో క్యాన్సరు కణముల వృద్ధి నాపును. చిన్న మోతాదులో రుమటాయిడ్ కీళ్లవాతమును, సోరియాసిస్ అను చర్మవ్యాధిని అదుపులో నుంచును. ఈ రెండు వ్యాధులకు దానిని వారమున కొక్కమారే ఇత్తురు. పెద్దలకు సాధారణముగా వారమునకు 7.5 మొదలు 25 మిల్లీగ్రాముల వరకు నిర్ణయింతురు.

వారమున కొక్కమారే యనుట కేమి కారణము? త్వరత్వరగా విభజన చెందునవి క్యాన్సరు కణములు మాత్రమే కావు. ఎముకల మజ్జలో రక్తమును తయారుచేయు కణములును, నోటిలోని పొరయు, ప్రేగుల లోపొరయు అట్టివే. వారమున కొకమారు పుచ్చుకొన్నచో మిగిలిన దినములలో అవి తేరుకొనును. ప్రతిదినము పుచ్చుకొన్నచో ఆ వ్యవధి యుండదు. మాత్ర చిన్నదే, విరామము లేకపోవుటయే విషము. నోటిలో పుండ్లు, జ్వరము, గొంతునొప్పి, దెబ్బ తగులకయే చర్మముపై కమిలిన మచ్చలు, ఆయాసము కనిపింపవచ్చును. రక్తకణములు తగ్గి, అంటురోగములకు ఎదురు నిలుచు శక్తి నశించి, మరణము గూడ సంభవింపవచ్చును. కొలది దినముల పొరపాటే యిందులకు చాలును.

ఈ పొరపాటు అశ్రద్ధ గలవారికే జరుగునని తలపరాదు. మెథోట్రెక్సేట్‌తోపాటు, దాని బాధలు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను గూడ వేరు దినములలో ఇత్తురు. రెండును చిన్న మాత్రలే. ఒకదాని బదులు మరియొకటి పుచ్చుకొనుట సులభము. మరియు మెథోట్రెక్సేట్ మాత్రలు వేర్వేరు మిల్లీగ్రాములలో దొరకును. క్రొత్త అట్టలోని మాత్ర బలమైనదైనచో, పాతలెక్క ప్రకారము మింగుట మోతాదును పెంచును. నొప్పి తగ్గలేదని ముసలివారు మరియొక మాత్ర వేసికొనుటయు కలదు. యూరోపు ఖండపు ఔషధ నియంత్రణసంస్థ 2019లో ఈ పొరపాట్లను నివారించుటకు ప్రత్యేకముగా క్రొత్త కట్టుబాట్లను సూచింపవలసివచ్చెను.

కావున మేము సూచించున దేమనగా, మందు పుచ్చుకొనవలసిన వారమును వైద్యునిచేతనే నిర్ణయింపజేసి, "బుధవారము మాత్రమే" అనునట్లు తెలుగులో పెట్టెమీద వ్రాయించుకొనుడు. ఇంగ్లీషులో 'ఎం' అను ఒక్క అక్షరమే వ్రాసినచో అది సోమవారమో, ఉదయమో తెలియదు. దినదినము మింగు మాత్రలతో దీనిని కలిపి యుంచవలదు. క్రొత్త అట్ట కొన్నప్పుడెల్ల దానిపై గల మిల్లీగ్రాములను చూడుడు. ఒక వారము మరచినచో తరువాతి వారము రెట్టింపు పుచ్చుకొనరాదు, వైద్యుని అడుగుడు. వేరొక వ్యాధికి వేరొక వైద్యుని కడకు పోయినను ఈ మందు పేరు ముందుగా చెప్పుడు. ట్రైమెథోప్రిమ్ గల మందులు దీనితో కలిసినచో మిక్కిలి ప్రమాదము. నొప్పి మాత్రలను గూడ అడుగకయే వేసికొనరాదు. గర్భిణులు దీనిని పుచ్చుకొనరాదు. వైద్యుడు చెప్పిన రక్తపరీక్షలను మానరాదు.

పొరపాటున దినదినము పుచ్చుకొన్నట్లు తెలిసినచో, బాధలు కనిపించువరకు వేచియుండక, మాత్రల అట్టతో సహా వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు కలదు; ఆలస్యమైన కొలదియు దాని ఫలము తగ్గును.

ఇది విని భయపడి మందు మానివేయుటయు తప్పే. నియమముతో పుచ్చుకొన్నచో వంకరపోవలసిన వ్రేళ్లను కాపాడు మందిది. ఈ మాట విన్నవారు మీ యింటి పెద్దల మందుల చీటిని ఒకసారి తీసి, "ఎప్పుడు" అను మాట యెదుట ఏమి వ్రాసియున్నదో చదువుడు. అక్షరములు తెలియకున్నచో ఊహింపక, వ్రాసిన వైద్యుని మరల అడుగుడు.