విమానాలు ఆగిపోయాక ఆ నేల ఎవరిది? బెర్లిన్ టెంపుల్‌హోఫ్ చెప్పే పాఠం

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలవగానే బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ వీఐపీల విమానాలు దిగుతాయి, 'వింగ్స్ ఇండియా' లాంటి భారీ విమాన ప్రదర్శనలు జరుగుతాయి. అదే ఏడాది అక్టోబర్‌లో జర్మనీ రాజధాని బెర్లిన్‌లో టెంపుల్‌హోఫ్ విమానాశ్రయం పూర్తిగా మూతపడింది. నగరం నడిబొడ్డున దాదాపు 300 హెక్టార్ల మైదానం, అంటే 740 ఎకరాలు ఖాళీ అయింది. దాన్ని ఏం చేయాలన్న గొడవ ఇప్పటికీ తెగలేదు.

చరిత్ర ఉన్న నేల

టెంపుల్‌హోఫ్ టెర్మినల్ భవనం హిట్లర్ కాలంలో కట్టింది. పొడవు కిలోమీటరు పైమాటే. 1948లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులన్నీ మూసేస్తే, నగరానికి తిండిగింజలు, బొగ్గు మోసుకొచ్చిన విమానాలు ఇక్కడ కూడా దిగాయి. మైదానం పక్కనే 1866 నుంచి ఉన్న తుర్కీ ఖబ్రస్తాన్, దాని ఆవరణలో షెహిత్లిక్ మసీదు ఉన్నాయి. ఒక వైపున్న నోయ్‌కోల్న్ బస్తీలో తుర్కీ, అరబ్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటాయి.

పార్కా? ఇళ్లా?

2010 మేలో గేట్లు తెరిచి మైదానాన్ని పార్కుగా జనానికి ఇచ్చారు. రన్‌వేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. సెలవు రోజుల్లో కుటుంబాలు కేటాయించిన చోట్ల కబాబులు కాల్చుకుంటాయి. ఇరుకు ఇళ్లలో ఉండేవాళ్లకు పైసా ఖర్చు లేకుండా దొరికిన పెద్ద ఆంగన్ ఇది.

మైదానం అంచుల్లో సుమారు 4,700 ఇళ్లు, ఒక పెద్ద లైబ్రరీ కట్టాలని నగర ప్రభుత్వం ప్లాన్ వేసింది. నడిమధ్య భాగాన్ని ఖాళీగానే ఉంచుతామంది. అయినా జనం నమ్మలేదు. కొత్త ఇళ్లు డబ్బున్నవాళ్లకే పోతాయి, చుట్టుపక్కల కిరాయిలు పెరుగుతాయి అని భయపడ్డారు. 2014 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో 64 శాతానికి పైగా ఓట్లు మైదానాన్ని అలాగే ఉంచాలనే పడ్డాయి. అక్కడ కట్టడాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

రేసులు ఆగాయి, శరణార్థులకు చోటు దొరికింది

మైదానంలో కట్టొద్దన్నా, పాత భవనం, దాని ముందున్న కాంక్రీటు స్థలం ఖాళీగా పడిలేవు. ఫ్యాషన్ మేళాలు, సంగీత కచేరీలు జరిగాయి. 2015లో ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు కూడా జరిగింది. ఆ ఏడాది సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి శరణార్థులు పెద్ద ఎత్తున రావడంతో విమానాలు నిలిపే హ్యాంగర్లలో మంచాలు వేసి వేల మందికి నీడనిచ్చారు. దాంతో 2016 రేసును నగరంలో మరో రోడ్డుకు మార్చాల్సి వచ్చింది. శరణార్థులకు తాత్కాలిక నివాసాలు కట్టేందుకు చట్టాన్నీ సవరించారు. 2017లో రేసు మళ్లీ టెంపుల్‌హోఫ్‌కే వచ్చింది.

ఆ హ్యాంగర్లలో బతుకు సుఖంగా ఏమీ లేదు. గోడల బదులు పలచటి అడ్డుతెరలే, పరదాకు చోటు తక్కువ. కానీ ఆ స్థలాన్ని ముందే అమ్మేసి ఉంటే ఆ మాత్రం నీడ కూడా దొరికేది కాదు.

తెగని ప్రశ్న

బెర్లిన్‌లో ఇళ్ల కొరత ఇప్పుడు ఇంకా పెరిగింది. అంచుల్లోనైనా కట్టాలన్న వాదన మళ్లీ లేచింది. అందులోనూ న్యాయం ఉంది: ఇల్లు దొరకని కుటుంబానికి పార్కు కడుపు నింపదు. అయితే కట్టే ఇళ్లలో ఎన్ని పేదలకు అందే కిరాయికి ఇస్తారు, ఆ మాట చట్టంలో రాస్తారా అన్నదే అసలు ప్రశ్న.

పాత విమానాశ్రయం ఏ నగరానికైనా ఒక్కసారే దొరికే జాగా. రేసు ఒక్క రోజులో అయిపోతుంది, మేళా వారంలో ముగుస్తుంది, మళ్లీ నేల ఖాళీ అవుతుంది. ఒకసారి అపార్ట్‌మెంట్లు లేస్తే మాత్రం ఆ నిర్ణయం మనవళ్ల కాలం దాకా ఉంటుంది. అందుకే గీత గీసే ముందు గోడ అవతల ఉంటున్న బస్తీ వాళ్లను అడగాలి. బెర్లిన్‌లో ఆలస్యంగానైనా అడిగారు. రేపు మన దగ్గర అలాంటి రోజు వస్తే, అడిగేదాకా ఆగాలా, మనమే ముందు అడగాలా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.