ఎగిరే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

"ఏమ్మా, కాలువ కింద రెండెకరాలు తాకట్టు పెడితే బిడ్డ చదువు గట్టెక్కుతుందంటావా?" మొన్న ఆళ్లగడ్డ నుంచి మా వదిన ఫోన్ చేసి అడిగింది. మా మేనకోడలు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఇంజినీరింగ్ వద్దంటోంది. పైలట్ అవుతానంటోంది.

ఆ పిల్లకు ఆ కోరిక ఊరికే పుట్టలేదు. కర్నూలు నుంచి కడప వెళ్లే రోడ్డు మీద ఇటు ఓర్వకల్లులో ఒక విమానాశ్రయం, అటు కడపలో ఇంకొకటి. మధ్యలో మా నంద్యాల, వాళ్ల ఆళ్లగడ్డ. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు ఎంతో దూరం కాదు. ఇక చిన్న ఊళ్లకు విమానాలు నడిపే 'ఉడాన్' పథకాన్ని 2017 ఏప్రిల్ 27న ప్రారంభించినప్పుడు, ఆ తొలి సర్వీసుల్లో కడప - హైదరాబాద్ కూడా ఉంది. కళ్లెదుట విమానాలు ఎగురుతుంటే ఆడపిల్లకు ఆశ పుట్టడంలో తప్పేముంది?

సంగతి వినగానే మా మామగారు పేపరు పక్కన పెట్టారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "ఫీజు సంగతి సరే. చేతికెంతొస్తుంది? ఎన్నేళ్లకు పైమెట్టు ఎక్కుతుంది? కష్టమొస్తే ఆ పిల్ల తరఫున మాట్లాడేదెవరు? ముందు ఈ మూడూ కనుక్కోండి. బస్సయినా విమానమైనా తోలేవాళ్ల బతుకు ఒకటే" అన్నారు. ఆ మూడు ప్రశ్నలూ పట్టుకుని నేను తెలుసుకున్న సంగతులే ఇవి.

జీతం: గంటల లెక్క

పన్నెండో తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి, 18 ఏళ్లు నిండి, వైద్య పరీక్షలో నెగ్గి, 200 గంటలు విమానం నడిపితే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. దానికి అరకోటి ఖర్చంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అంతటితో అయిపోదు. ఏ రకం విమానం నడపాలంటే ఆ రకానికి విడిగా శిక్షణ పొందాలి. మన చిన్న ఊళ్లకు వచ్చే, డెబ్బై ఎనభై మంది పట్టే ఏటీఆర్ నేర్చుకున్నంత మాత్రాన పెద్ద ఎయిర్‌బస్ నడపనివ్వరు.

"పైలట్లకు లక్షల్లో జీతాలటగా!" అంటాం మనం. నిజమే. కానీ అది నెల మొదట్లో లెక్కగట్టి ఇచ్చే జీతం కాదు. ఇన్ని గంటలకు ఇంత అని ఒక ఖాయమైన మొత్తం ఉంటుంది, ఆపైన ఎగిరిన గంటలకు వేరే డబ్బులు. ఆ ఖాయమైన గంటలు తగ్గిస్తే ఆదాయం తగ్గినట్టే. 2024లో విస్తారా సంస్థ పైలట్లకు వాటిని 70 నుంచి 40కి తగ్గించే కొత్త ఒప్పందం వచ్చింది. పైలట్లలో అసంతృప్తి రేగి, ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎన్నో విమానాలు రద్దయ్యాయి. కాబట్టి "జీతమెంత?" అని ఊరుకోకూడదు. "అందులో ఖాయమెంత?" అని కూడా అడగాలి.

కంపెనీ నిలబడుతుందా అన్నది ఇంకో దిగులు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలై కడపకు విమానాలు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. కంపెనీ ఆగినా అప్పు మీద వడ్డీ ఆగదు కదా!

పైమెట్టు: కో-పైలట్ నుంచి కెప్టెన్

ఉద్యోగంలో చేరగానే ఎవరూ కెప్టెన్ కారు. ముందు కొన్నేళ్లు కో-పైలట్. 1,500 గంటలు పూర్తిచేసి, పెద్ద లైసెన్సు పరీక్షలు పాసయితే కెప్టెన్ అయ్యే అర్హత వస్తుంది. అర్హత వచ్చినా కుర్చీ ఖాళీ కావాలి. కంపెనీ కొత్త విమానాలు కొంటేనే కుర్చీలు పెరుగుతాయి. చిన్న విమానాల కంపెనీలో ఇది మరీ నిదానం. పోనీ పెద్ద కంపెనీకి మారదామంటే, 2017 నాటి నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలల ముందు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసివ్వాలి.

ఆడవాళ్లకు ఇంకో అడ్డంకి కూడా ఉండేది. ప్రేమ్ మాథుర్ కథ వింటే మనసు చివుక్కుమంటుంది. 1947లో లైసెన్సు పొందిన ఆమె 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు. ఎనిమిది కంపెనీలు కాదన్నాక హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా తీసుకుంది. కావలసిన గంటలన్నీ పూర్తిచేసినా విమానాన్ని ఆమె చేతికి మాత్రం ఇవ్వలేదు. ఆడమనిషి నడుపుతోందంటే ప్రయాణికులు భయపడతారన్నారట! చివరికి ఆమె ఆ ఉద్యోగం వదులుకుని వెళ్లి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ఇప్పుడు మన దేశ పైలట్లలో సుమారు 15 శాతం మంది స్త్రీలే. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది 5 శాతం దగ్గరే ఉంది.

అయినా కాన్పు దగ్గర లెక్క మారుతుంది. చట్టం 26 వారాల సెలవు ఇస్తుంది. కానీ నేల మీదున్నన్నాళ్లూ ఎగిరే గంటలు పెరగవు. తిరిగొచ్చాక మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. కో-పైలట్‌గా ఉన్నప్పుడే బిడ్డ పుడితే కెప్టెన్ కుర్చీ మరికొంత దూరం జరిగినట్టే.

మన తరఫున మాట్లాడేదెవరు?

మామగారు అన్నిటికన్నా గట్టిగా అడిగింది ఈ ప్రశ్నే. ఎయిరిండియా పైలట్లకు పాత సంఘాలున్నాయి. ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, ఇండియన్ పైలట్స్ గిల్డ్ అలాంటివే. అన్నిచోట్లా అంత బలమైన సంఘాలు లేవు. 2019లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడే ముందు, నెలల తరబడి జీతాలు రాని పైలట్ల తరఫున వాళ్ల సంఘమే గొంతెత్తింది. ఏప్రిల్ 17న కంపెనీ ఆగిపోయింది. సంఘం ఉన్నంత మాత్రాన కంపెనీ బతకదు. కానీ ఒంటరిగా ఏడ్వడం వేరు, నలుగురూ కలిసి నిలదీయడం వేరు.

విశ్రాంతి సంగతి చూడండి. పైలట్లకు వారం విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, ఆరు దాకా ఉన్న రాత్రి ల్యాండింగులను రెండుకు తగ్గిస్తూ 2024 జనవరిలో నిబంధనలు వచ్చాయి. అమలు వాయిదా పడితే పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు గుమ్మం తొక్కాయి. ఆ తర్వాతే 2025 జులైలో కొంత, నవంబరులో మిగతాది అమలైంది. సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో ఆ డిసెంబరులో వేల విమానాలు రద్దు చేసింది. పెళ్లిళ్లకు, పరీక్షలకు బయల్దేరినవాళ్లు విమానాశ్రయాల్లో నేల మీదే పడుకున్నారు. చివరికి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. నడిపేవాళ్ల నిద్ర వాళ్ల సొంత గొడవ కాదని, వెనక కూర్చున్న మన ప్రాణాల సంగతని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

వదిన ఏమంది?

ఇవన్నీ చెప్తే మేనకోడలు డీలా పడుతుందేమోనని భయపడుతూనే ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. అది నోటుపుస్తకం తెచ్చుకుని శ్రద్ధగా రాసుకుంది. "అత్తా, ఇవన్నీ ఫీజు కట్టకముందే అడుగుతా. ముందు వైద్య పరీక్ష చేయించుకుంటా. అందులో నెగ్గితేనే మిగతా మాట" అంది. వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండెకరాలూ పెట్టేది లేదులే. ఒకటి దాని చదువుకు, ఒకటి మా తిండికి. తక్కింది స్కాలర్‌షిప్పో, బ్యాంకు అప్పో, దాన్నే చూసుకోమంటా" అంది.

మీ ఇంట్లోనూ ఏ అమ్మాయైనా ఆకాశం వైపు చూస్తుంటే దయచేసి వద్దనకండి. "ఆడపిల్లవి, నీకెందుకు?" అన్న పాత ప్రశ్నను పక్కన పెట్టి, మా మామగారి మూడు ప్రశ్నలూ అడగండి. వాటికి జవాబులు తెచ్చుకున్న పిల్ల భూమి తాకట్టు పెట్టినా విడిపించుకోగలదు.