గోమార్లు – పశువుల రక్తములోని రోగక్రిములు: గుర్తించు విధము

వసిష్ఠ గోదావరి ఒడ్డున గల దిండి ప్రాంతమున కొబ్బరితోటల నీడలో పశువులను కట్టుట మీకు అలవాటే. తేమ, వెచ్చదనము గల యిట్టి చోట్ల గోమార్లు సులభముగా పెరుగును. ఇవి రక్తము పీల్చుటయే గాక రోగమును ఒక పశువునుండి మరియొక దానికి చేర్చును. పశువుల జ్వరమునకు గోమారి వాహకమని 1893లో అమెరికా శాస్త్రజ్ఞులు స్మిత్, కిల్బోర్న్ నిరూపించిరి.

ఇట్టి రోగములలో అనాప్లాస్మా జ్వరమొకటి. ఎఱ్ఱ రక్తకణములలో పెరుగు బాక్టీరియా దీనికి కారణము. 1910లో థైలర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. జ్వరము వచ్చును, పాలు తగ్గును, కనురెప్పల లోపల పాలిపోవును, పిదప పచ్చబడును. దూడలలో తేలికగా పోవు ఈ రోగము, మూడేండ్లు దాటిన పశువులలో ప్రాణాంతకము కావచ్చును.

బబీసియా రోగమున మూత్రము ఎఱ్ఱగా వచ్చును. ఇందు సాధారణముగా అట్లుండదు. అయినను కంటితో చూచి నిర్ణయింపరాదు. అనాప్లాస్మాకు టెట్రాసైక్లిన్ జాతి మందు పనిచేయును. బబీసియా, థైలేరియాలు బాక్టీరియా కావు. వాటికి మందులు వేరు. రోగము తెలియక మందు వేసినచో డబ్బు, పశువు రెండును పోవును.

పరీక్ష యెట్లు చేయుదురు?

1. జ్వరమున్నప్పుడే, మందు వేయకముందే, పశువైద్యునిచే చెవి కొన రక్తము తీయించి గాజుపలకపై పలుచగా పూయింపవలెను. గీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో కణముల అంచున ముదురు చుక్కలు కనబడును.

2. కోలుకొన్న పశువు రక్తములో క్రిములు కొద్దిగా మిగిలి యుండి, పలకపై దొరకకపోవచ్చును. పి.సి.ఆర్. పరీక్ష క్రిమి జన్యుపదార్థమును అనేక రెట్లు పెంచి చూపును.

3. గోమార్లను కూడ ఇట్లే పరీక్షింతురు. అయితే గోమారిలో క్రిమి జాడ కనబడినంత మాత్రాన అది రోగమును అంటించుననరాదు. అప్పుడే త్రాగిన రక్తములోనిదియు కావచ్చును.

మీరు చేయవలసినవి

చెవులు, గంగడోలు, పొదుగు, తోక మొదలు దినదినము చూడుడు. గోమార్లను చేతితో నలుపకుడు. పాక గోడల పగుళ్లు పూడ్చుడు. గోమార్లు అందు గ్రుడ్లు పెట్టును. గోమార్ల మందును వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడుడు. ఒకే సూదితో పలు పశువులకు ఇంజెక్షను వేయనీయకుడు. రోగము సూదివలన కూడ ప్రాకును. సంతలో కొన్న పశువును కొన్నాళ్లు వేరుగా కట్టి, రక్తపరీక్ష చేయించి, పిమ్మట మందలో కలుపుడు. ఆరోగ్యముగా కనబడు పశువే రోగమును మోసికొని రావచ్చునని మరువరాదు.