పార్వతీ ప్రత్యుక్తియందలి "అస్తు" పదము

కుమారసంభవ పంచమసర్గమున వటువేషధారియగు శివుఁడు పార్వతి తపోవనమునకు వచ్చి, ఆమె వరించినవానిని ఆమె యెదుటనే దూషించు ఘట్టము మన పాఠశాలలలోఁ దఱచుగాఁ బఠింపఁబడునదే. వికృతనేత్రుఁడు, పుట్టుక తెలియనివాఁడు, దిగంబరుఁడు, శ్మశానవాసి, చితాభస్మధారి, ముసలి యెద్దు నెక్కువాఁడు. వరునియందు వెదకఁదగిన గుణములలో నొక్కటియైన నతనియందు లేదని వటువు తేల్చినాఁడు. పార్వతి యేడు శ్లోకములలో దీనిని ఖండించినది. అకించనుఁడైనను సంపదల కతఁడే మూలము. ఆ మేను సోఁకిన చితిబూడిదను దేవతలు శిరమునఁ దాల్తురు. బ్రహ్మకే కారణమైనవానికిఁ బుట్టుక యెట్లు తెలియును?

బోధకులు వాద మిచ్చట ముగిసినదని తలఁచి, తరువాతి శ్లోకమును, అనఁగా మన కోలాచల మల్లినాథుని పాఠమున 82వదానిని, విసుగుమాటగా దాఁటవేయుదురు. నేనును బెక్కేండ్లట్లే చెప్పితిని. ఒకనాఁడొక విద్యార్థి, "అయ్యా, దోషములన్నియు గుణములే యైనచో నామె సహించిన దేమున్నది?" అని యడిగెను. నాకు సమాధానము తోఁపలేదు.

సమాధాన మా శ్లోకముననే యున్నది. వివాదము చాలును, నీవు విన్నట్లే యతఁడు సర్వవిధముల నుండుఁగాక యని యామె యనుచున్నది. లోడంతమగు "అస్తు" యిచ్చట నాశీస్సు గాదు, అభ్యనుజ్ఞ. నైయాయికుఁడు పరపక్షమును దాత్కాలికముగా నంగీకరించి మరల వాదమునకు దిగును, పార్వతి దిగదు. "అశేషమ్" అనుటచే నొక దోషమునైన మినహాయింపలేదు. తన మనస్సు తాను చేసిన ఖండనముపై నాధారపడి నిలిచినది కాదని దీనివలనఁ దేలుచున్నది. "కామవృత్తి" పదమును షష్ఠీతత్పురుషముగాఁ గొన్నచోఁ బ్రేమ నడవడి యని యర్థము. బహువ్రీహిగాఁ గొన్నచో స్వేచ్ఛగా వర్తించు వ్యక్తి యని. రెండవది యామెను మొండిదానిని జేయును. ఆ మొండితనమును నాకు బ్రియమే.

అయినను భర్త యెట్టివాఁడైనను సహింపవలెనని చెప్పుటకు దీనిని బ్రమాణముగాఁ జూపరాదు. వటువు చెప్పిన దోషములను మరలఁ జదువుఁడు: రూపము, పుట్టుక, ధనము, ఉనికిపట్టు, అలంకారము. వధువును బాధించునన్న యభియోగ మొక్కటియు లేదు. మఱియు నీ వరణము తల్లి మేన తపము వలదని వారించినను గూఁతురు తానై పూనినది.

కవి కూర్చిన క్రమమును గమనింపుఁడు. ఏడు శ్లోకముల ఖండనమును వినుచు శివుఁడు వటువేషమును విడువలేదు. "అస్తు" అనిన పిమ్మట, వటువును వారింపుమని చెలికత్తెతోఁ జెప్పి యామె వెడలఁబోవుచుండఁగా, నప్పుడు నిజరూపమున నామెను బట్టుకొనెను.