గ్రహణం మొర్రి బిడ్డకు పాలు ఎలా పట్టాలి?

గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే తల్లిని నిందించకండి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. పెదవి మాత్రమే చీలితే చాలామంది పిల్లలు రొమ్ము పట్టగలరు. అంగిలి కూడా చీలితే బిడ్డ చప్పరిస్తుంది గాని పాలు లాగలేదు. ఆకలితోనే అలసి నిద్రపోతుంది. కడుపు నిండిందని తల్లి అనుకుంటుంది. ఇలా చిక్కిపోయిన పిల్లలను మా వార్డులో చూశాం.

తల్లిపాలే శుభ్రమైన గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెతో పట్టండి. (మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెను పారేయకండి!) బిడ్డను కూర్చోబెట్టినట్లు ఎత్తి పట్టుకుని, కొద్దికొద్దిగా, మింగాకే మళ్ళీ పోయండి. ముక్కులోంచి కాసిని పాలు వస్తే తుడిచి, ఆగి పట్టండి. మధ్యమధ్య త్రేన్పు రప్పించండి. ఊపిరాడక నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వారం వారం తూకం వేయించండి. పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నెలలు దాటాక, బరువు సుమారు 5 కిలోలు ఉంటే చేస్తారు. తూకం పెరగకపోతే వాయిదా వేయాల్సి వస్తుంది.