కలివికోడి అడవిలో ఒక పగలు

కడప జిల్లాలో సిద్ధవటం దాటి బద్వేలు దారిన వెళ్ళేవారికి లంకమల కొండలు కనిపిస్తాయి. కొండల పాదాల వద్ద ఎర్రమట్టి, గులకరాళ్ళు, రేగు, తుమ్మ, కలివి పొదలు తప్ప చెప్పుకోదగిన వృక్షసంపద కంటికి ఆనదు. ఇటువంటి నేలను మనం ముళ్ళకంప అంటాము, లేదా బంజరు అంటాము. అయితే కలివికోడి అనే పక్షి ఉనికికి 1986 తరువాత నమ్మదగిన ఆధారాలు లభించింది ఈ కొండల చుట్టుపక్కలనే. ప్రపంచంలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షులలో అదొకటి. దానిని చూడగలమన్న ఆశతో మేము వెళ్ళలేదు. అది రాత్రివేళ తిరిగే పక్షి. అభయారణ్యంలో సూర్యాస్తమయం తరువాత ఉండేందుకు మాకు అనుమతి లేదు. అది బ్రతికే నేల ఎలా ఉంటుందో పిల్లలకు చూపాలన్నదే మా ఉద్దేశం.

రెండు కుటుంబాలవారము ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. పెన్నా ఒడ్డున తెల్లవారింది. అడవికి చేరకముందే పొలాలలో చాలాసేపు ఆగవలసి వచ్చింది. గేదె వీపుపై తోకచీలిన నల్లపిట్ట ఒకటి స్వారీ చేస్తున్నది. అది పసులపోలిగాడు. పశువు అడుగులకు లేచే పురుగులే దాని ఆహారం. కరెంటు తీగపై పాలపిట్ట, చెరువు గట్టున లకుముకి, మడిలో ముక్కు మధ్య సందు కనిపించే నత్తగుల్లకొంగలు, ఇలా పిల్లల నోటుపుస్తకంలో పేర్లు చేరుతూ వచ్చాయి.

వేరుశనగ చేను గట్టున హుద్‌హుద్ కనిపించినప్పుడు మాత్రం పేర్లు రాసుకోవడం ఆగిపోయింది. పొడవైన వంకరముక్కుతో నేలను తవ్వుతూ, అలికిడికి తలపై కిరీటాన్ని విసనకర్రలా విప్పి మళ్ళీ ముడిచింది. సూరె నమల్‌లో సులైమాన్ (అ) కొలువున లేకపోవడం వల్ల విచారణకు గురై, సబా దేశపు వార్తతో తిరిగివచ్చిన పక్షి ఇదేనా అని పిల్లలు నమ్మలేనట్లు అడిగారు. ఇదే. అరబ్బు, షామ్ దేశాలలో తిరిగే జాతే మన పొలాలలోనూ తిరుగుతున్నది. చంపకూడదని దైవప్రవక్త (స) వారించిన నాలుగు ప్రాణులలో చీమ, తేనెటీగలతోపాటు హుద్‌హుద్ కూడా ఉంది. నాలుగవది అరబ్బీలో సురద్ అనే పిట్ట. పట్టిన పురుగులను ముళ్ళకు గుచ్చి దాచుకోవడం దాని అలవాటు. పొలాలు ముగిసి ముళ్ళపొదలు మొదలైనచోట ఆ జాతి పిట్టే ఒకటి తుమ్మకొమ్మపై కూర్చొని ఉన్నది.

అక్కడినుండి అటవీశాఖ కాపలాదారు ఒకరు మాకు తోడు వచ్చారు. ఆయన మాటలను బట్టి, ఈ పక్షికి అడవి చిక్కగా ఉన్నా పనికిరాదు, పలుచబడినా పనికిరాదు. పరిశోధకులు లెక్కించి చెప్పినదీ అదే. మనిషి ఎత్తును మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉండి, వాటి నడుమ నేల తెరపిగా ఉన్నచోట అది తిరిగే అవకాశం ఎక్కువ. వంటచెరకు కోసం పొదలను నరికివేస్తే ఆ నేల పోతుంది. పొదలు దట్టంగా కమ్ముకొన్నా పోతుంది. పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారాక కాలిముద్రలు చూసేవారట. పక్షిని చూడకుండానే దాని రాకపోకలు తెలుసుకొన్న ఆ ఓపిక మాకు అబ్బురమనిపించింది.

ఒక పొదలో గువ్వగూడు కనిపించింది. మాలో చిన్నవాడు చేయి చాచబోగా, వాడి నానమ్మ ఆపి హదీసు వినిపించారు. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకోగా, తల్లి రెక్కలు కొట్టుకొంటూ తిరగసాగింది. దానిని చూచిన ప్రవక్త (స) పిల్లలను తిరిగి ఇచ్చివేయించారు. వాడు చేయి వెనక్కి తీసుకొన్నాడు.

మధ్యాహ్నం వెంట తెచ్చుకొన్న నీటితో వుజూ చేసి, చెట్టునీడన జుహర్ చదువుకొన్నాము. భోజనాల తరువాత కలివికోడి కథ సాగింది. తీతువుకంటె కొంచెం చిన్నది, సుమారు 27 సెంటీమీటర్లు. ఎదపై రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపై వెడల్పైన తెల్లని చార. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848 ప్రాంతంలో దానిని లోకానికి తెలిపాడు. 1900లో అనంతపురం వద్ద కనిపించిన తరువాత జాడలేదు. అంతరించిందనే అందరూ తలచారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఇక్కడ దానిని తిరిగి కనుగొన్నారు. నిజానికి రాత్రివేళ టార్చి వెలుగులో చూసి పట్టుకొన్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రజ్ఞుల పేర్లు మిగిలే పుస్తకాలలో ఈ పేరు కూడా మిగలడం న్యాయమని మా అభిప్రాయం.

ఆ వార్త నాటికి సలీం అలీ గారికి 89 ఏళ్ళు. ముంబయి ముస్లిం కుటుంబంలో 1896లో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగారు. బొమ్మతుపాకీతో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ చూసి, ఇలాంటిది తినడం ధర్మసమ్మతమేనా అన్న సందేహంతో మేనమామ దగ్గరికి వెళ్ళాడట ఆ పిల్లవాడు. మేనమామ అతనిని సొసైటీకి పంపారు. అక్కడ అరలనిండా భద్రపరచిన పక్షులను చూసిన పిల్లవాడే 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు, 1941లో భారతీయ పక్షుల పుస్తకం వెలువరించారు. హలాల్ హరామ్‌ల విషయమై పిల్లలు వేసే ప్రశ్నలను విసుక్కొనే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

కృష్ణా నీటిని చెన్నైకి చేర్చే తెలుగుగంగ కాలువ ఒక దశలో ఈ పొదల మీదుగానే సాగబోయింది. అభ్యంతరాలు రావడంతో దారి మార్చారు. నీరు కావలసినవారి అవసరమూ చిన్నది కాదు. అయినా నాలుగు అడుగులు పక్కకు జరిగే అవకాశం కాలువకు ఉంది, ఈ పక్షికి లేదు.

అసర్ తరువాత తిరుగుముఖం పట్టాము. కౌజులు పొదల్లో అరుస్తున్నాయి, తీతువు ఒకటి మమ్మల్ని చూసి గోల చేసింది. కలివికోడి పలికేది బాగా చీకటి పడ్డాక, అదీ కొద్దిసేపే. అప్పటికి మేము సిద్ధవటం చేరి మగ్రిబ్ కూడా ముగించాము.

వెళ్ళదలచినవారు అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. చలికాలం అనుకూలం. తాగునీరు, మూసిన చెప్పులు, మట్టిరంగు దుస్తులు ఉండాలి. ఫోనులో పక్షి కూతలు వినిపించి పక్షులను పిలవకూడదు. వాటిని విని మరో పక్షి తన నేలకు వచ్చిందని భ్రమపడి, అవి మేత మాని వెదుకుతాయి.