నాలుగవ కాలు

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగునని పెద్దలు చెప్పిన మాట తెలుగునాట వినని వారుండరు. ఆ సామెతలోని మొదటి సగమునకు సాక్ష్యము కోరువారు వాన వెలిసిన పిదప పాత యింటి వసారాలో నిలిచి చూచినచో చాలును. కంటికి చదునుగా కనిపించిన బండలపై నీరు ఒకచోట మడుగు కట్టును. వేరొకచోట సన్నని పాయగా సాగి వాకిలి దాటును. ఏండ్ల తరబడి ఆ నేలపై నడచిన పాదములు గుర్తింపని పల్లమును నీరు క్షణములో గుర్తించును. ఆ నీటినే గాజుతొట్టిలో నింపి, ఇనుప బల్లపై కెత్తి, ఆ నేలమీదనే నిలుపవలసి వచ్చినప్పుడు నేలయొక్క నిజము తెలిసికొనుట వేడుక కాదు, అవసరము.

రంగుచేపల తొట్టి ఒకప్పుడు వింత. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో తొలి మత్స్యశాలను ప్రజలకు తెరచినప్పుడు అది లోకమునకే వింత. 1951లో బొంబాయి సముద్రతీరమున తారాపోర్‌వాలా మత్స్యశాల వెలసినప్పుడును మనవారికది రైలెక్కి చూడబోవలసిన వింతయే. నేడు హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు జాతీయ రహదారిపై నున్న జడ్చర్ల వంటి ఊరిలో అది ముందుగదిలోని గృహోపకరణములలో నొకటి. చేపలను గూర్చియు, వాటి మేతను గూర్చియు విచారించువారు పెక్కుమంది. ఆ తొట్టి నిలిచిన నాలుగు కాళ్ళను గూర్చి విచారించువారు అరుదు.

ముందు బరువును లెక్కింపవలెను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిని అంచునకు రెండంగుళములు తక్కువగా నింపినచో సుమారు 225 లీటర్ల నీరు పట్టును. లీటరు నీరు కిలో తూగును గనుక నీటి బరువే 225 కిలోలు. పది మిల్లీమీటర్ల మందము గల అద్దములు 50 కిలోలు, అడుగున పరచిన గులకరాళ్ళు 25 కిలోలు, ఇనుప బల్ల 30 కిలోలు చేరగా మొత్తము 330 కిలోలగును. బాదేపల్లి మార్కెట్టులో వేరుశనగ తూచువారి లెక్కన మూడు క్వింటాళ్ళకు మించిన సరకు. కాని అది సాయంకాలమునకు లారీ యెక్కి పోవు సరకు కాదు; రాత్రింబవళ్ళు, ఏండ్ల తరబడి, నాలుగు చిన్న పాదములపై కదలక యుండవలసిన బరువు. సమముగా పంచుకొన్నచో ఒక్కొక్క కాలికి వచ్చునది 82 కిలోలు. సమముగా పంచుకొనుట యను మాటలోనే చిక్కంతయు నున్నది.

ముక్కాలిపీట ఎంత గతుకుల నేలపైనైనను ఊగదు. మూడు బిందువులు ఎచ్చట నున్నను వాటిని కలుపుచు ఒక చదునైన తలము ఏర్పడునని రేఖాగణితము చెప్పును. ఆ శాస్త్రము చదువని యిల్లాలు చేనిగట్టున మూడు రాళ్ళు చేర్చి పొయ్యి వెలిగించుట ఈ సత్యమును ఎరిగియే. మూడు రాళ్ళలో ఒకటి పొట్టిదైనను కుండ వాలునే గాని ఊగదు. నాలుగవ రాయి పెట్టదలచినచో దానికి మాత్రము సరియైన ఎత్తు వెదకవలెను. తక్కువైనచో అది కుండను తాకదు. ఎక్కువైనచో ఎదుటి రాతితో జతకూడి, మిగిలిన రెంటిలో నొకదానిని పనిలేనిదానిగా చేయును.

నాలుగు కాళ్ళ బల్లకు వచ్చిన తిప్పలన్నియు ఈ నాలుగవ దానితో వచ్చినవే. ఒక కాలు గాలిలో నున్నప్పుడు బల్ల మిగిలిన మూడింటిపై నిలిచినట్లు తోచును. బరువు నడుమ నున్నప్పుడు నిజముగా మోయునవి ఎదురెదురు మూలలలోని రెండు కాళ్ళే. మూడవది ఊగకుండ ఆపుటకే పనికివచ్చును. 82 కిలోలు మోయవలసిన కాలిపై 165 కిలోలు పడును. నిలుచుట వేరు, మోయుట వేరు.

ఇంతకంటె మోసకరమైన స్థితి మరియొకటి కలదు. తొట్టిలో నీరు నిండిన కొలదిని ఇనుప చట్రము మెల్లగా మెలిపడి, గాలిలో నున్న కాలు నేలకు దిగును. ఊగుట మానినదని ఇంటివారు సంతోషింతురు. మానినది ఊగుట మాత్రమే. బల్లలోని మెలి పైనున్న గాజునకు సంక్రమించినది. గాజు నొక్కుడునకు ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. ఇనుము వంగి హెచ్చరించును, గాజు హెచ్చరింపదు. అంచునందు కంటికానని గీత యొకటి యున్నచో చాలును, అది నెలలకో సంవత్సరములకో పగులై సాగును. లేదా అద్దములను పట్టియుంచిన సిలికోను జిగురు ఒక మూలలో ఎడబాయును. అర్ధరాత్రమున 225 లీటర్ల నీరు గదిలో పారినచో విద్యుత్తీగలున్న యింట అది చేపలకు మాత్రమే ఆపద కాదు.

కావున వాలునకును మెలికిని గల భేదమును గ్రహింపవలెను. తొట్టి మొత్తముగా ఒకవైపునకు 6 మిల్లీమీటర్లు వాలినదనుకొన్నచో, నీటి లోతు సుమారు 400 మిల్లీమీటర్లు గనుక, రెండు కొసల లోతులలోని భేదము నూటికి ఒకటిన్నర పాలు. కంటికి ఇంపుగా నుండదు, సరిచేయుట మంచిది, కాని గాజునకు అది పెద్ద భారము కాదు. మూడు మూలలు ఒక తలమున నుండి నాలుగవది రెండు మిల్లీమీటర్లు తప్పినను అది మెలి. కన్ను వాలునకు బెదరును, మెలిని ఎరుగదు. గాజు విషయమున భయపడవలసినది మెలికే.

ఇక నేల సంగతి. పాలమూరు ప్రాంతపు పాత యిండ్లలో షాబాదు బండలో తాండూరు బండలో పరచుట వాడుక. భూమిలో పొరలు పొరలుగా నుండు సున్నపురాతిని చీల్చి తీసిన పలకలవి. పైముఖమును నునుపు చేయుదురు. అడుగు ముఖము గనిలో వచ్చిన రీతినే యుండును. మందములోని హెచ్చుతగ్గులను అడుగున పరచిన సున్నమో సిమెంటో మ్రింగవలెను. గోడల నడుమ నింపిన మొరమును చక్కగా దిమ్మిస కొట్టనిచో కొన్నేండ్లకది క్రుంగి, బండ క్రింద డొల్ల యేర్పడును. నాణెముతో తట్టినచో ధ్వనియే చెప్పును. నల్లరేగడిలో కట్టిన యింటికి వేరొక బాధ. ఆ మన్ను వానలకు ఉబ్బును, వేసవిలో ముడుచుకొని బీటలిచ్చును; దానితో నేలయు ఏటేట కదలును. ఎర్రని చల్క నేలకు ఈ దోషము తక్కువ.

వీటికి తోడు మేస్త్రీ తెలిసి పెట్టిన వాలు కలదు. కడిగిన నీరు పోవుటకు వంటయింటిని తూమువైపునకును, వసారాను వాకిలివైపునకును వాల్తురు. వాస్తు పాటించువారు నైరృతిని మెరకగాను, ఈశాన్యమును పల్లముగాను తీర్తురు. నేల ఎగుడుదిగుడుగా నున్నదని కట్టినవానిని నిందించుటకు ముందు అది లోపమో ఉద్దేశమో విచారించుట న్యాయము.

విచారణకు సాధనములు రెండు. మొదటిది రసమట్టము. దానిలోని బుడగను నమ్ముటకు ముందు రసమట్టమునే పరీక్షింపవలెను. ఒకచోట ఉంచి బుడగను చూచి, కొసలు మార్చి అచ్చటనే మరల ఉంచవలెను. రెండు మారులును బుడగ ఒకే దిక్కునకు సమానముగా జరిగినచో వాలు నేలది. దిక్కు మారినచో దోషము సాధనమునది. రెండవది కట్టడపు పనివారు వాడు పారదర్శకమైన నీటిగొట్టము. గొట్టమున గాలిబుడగ లేకుండ నీరు నింపి, రెండు కొసలును తెరచి పట్టుకొన్నచో, నడుమ గోడ యున్నను మలుపున్నను, రెండు కొసలలోను నీరు ఒకే మట్టమున నిలుచును. బ్యాటరీ అక్కరలేదు, అద్దకము అక్కరలేదు. నీరు పల్లమెరుగుటయే దానిలోని యంత్రము.

ఆ గొట్టముతో, బల్ల కాళ్ళు నిలువబోవు నాలుగు చోట్లకు పైగా ఒకే మట్టమున దారము గట్టి, దారము నుండి నేలకు గల దూరమును కొలువవలెను. నైరృతిలో 100, వాయవ్యమున 103, ఈశాన్యమున 107, ఆగ్నేయమున 104 మిల్లీమీటర్లు వచ్చినవనుకొందురు గాక. ఎదురెదురు మూలలను కూడవలెను. నైరృతి ఈశాన్యములు కలిసి 207. వాయవ్య ఆగ్నేయములు కలిసి 207. మొత్తములు సమానమైనవి గనుక నేల వాలినదే గాని మెలిపడలేదు. నాలుగు కాళ్ళును ఆనును. ఆగ్నేయపు బండ క్రుంగి, అచ్చట 104కు మారు 109 వచ్చినచో రెండవ మొత్తము 212 అగును. రెండు మొత్తముల భేదమగు 5 మిల్లీమీటర్లే ఆగ్నేయపు కాలి క్రింది సందు. చిన్న కూడిక చేసినంతనే బల్ల రాకముందే దాని యూగు తెలిసిపోవును.

చికిత్స యెప్పుడును మెరకనుండి ఆరంభమగును. పై లెక్కలో నైరృతి అన్నింటికంటె మెరక గనుక ఆ కాలిని ముట్టరాదు. వాయవ్యపు కాలి క్రింద 3, ఈశాన్యమున 7, ఆగ్నేయమున 9 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టినచో వాలును మెలియు ఒకేసారి తీరును. మడిచిన అట్టముక్క ఎత్తుగా పనికిరాదు. తడికి నాని అణగిపోవును. మెత్తని చెక్కకు చెమ్మయు చెదలును శత్రువులు. ఇనుప రేకులు, గట్టి ప్లాస్టిక్కు పలకలు, సమమందము గల రాతిపలకలు మేలు. అవి కాలి అడుగు వైశాల్యమంతటిని మోయవలెను. ఒక అంచున దూర్చిన చీలిక కాలిని నిలుపును గాని మోయదు. డొల్ల పలికిన బండపై ఏ ఎత్తును ప్రయోజనము లేదు. ఆ బండను తీసి క్రింద గట్టిపరచి మరల పరచవలెను, లేదా తొట్టికి వేరొక చోటు చూడవలెను.

ఎత్తు పెట్టవలసిన చోటు బల్ల కాళ్ళ క్రిందనే. బల్లకును తొట్టికిని నడుమ కాదు. తొట్టి మూల క్రింద దూర్చిన ముక్క ఆ మూలను కాపాడదు, బరువునంతటిని ఆ బిందువుమీదికి రప్పించును. తొట్టి క్రింద పరచు థర్మోకోలు రేకు ఇసుక రేణువునో, రంగు గడ్డనో సర్దును. మెలిపడిన బల్లను సర్దలేదు. క్రింది తప్పును పైన దాచుట సాధ్యము కాదు.

పెద్ద కట్టడములకును ఇదే నియమము. జడ్చర్ల మండలములోని అల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన ప్రాచీన జైనాలయము, గొల్లత్తగుడి, కలదు. ఇటుకలన్నియు ఒకే కొలతకు రావు. ప్రతి వరుసలోను ఆ హెచ్చుతగ్గులను అచ్చటికచ్చట అడుసుతో సర్దకున్నచో శిఖరమునకు చేరులోపల వెంట్రుకవాసి మూరెడగును. కృష్ణా తుంగభద్రల సంగమమున నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును శ్రీశైల జలాశయపు ముంపునుండి తప్పించుటకై రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. అట్టి పనిలో అడుగు వరుస మట్టము తప్పినచో పైవరుసలలో ఏ రాయియు తన చోట అమరదు. 1213 నాటి రామప్ప దేవాలయమును కాకతీయ శిల్పులు ఇసుక నింపిన పునాదిపై నిలిపిరి. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. చూపరుల కన్నులు శిల్పములపై నిలుచును. శిల్పములను నిలిపినది కంటికి కనబడని అడుగు.

ఆనకట్టలకును, కాలువలకును, రహదారులకును దేశము నలుమూలలకు దశాబ్దముల తరబడి వలసపోయిన పాలమూరు కూలీల శ్రమయు ఇట్టిదే. మట్టము చేసిన నేల చూపునకు ఆనదు. చేయని నేలయే ఆనును. పని చక్కగా జరిగినచో దానిని గూర్చి ఎవ్వరును మాటాడరు. అందువలననే ఆ పని విలువ ఎంచువారు తక్కువ.

చేపలతొట్టి నిలుపువారు ఆ విలువను ఒక పూట తామే చేసి తెలిసికొనవచ్చును. ఖాళీ బల్లను నిలిపి నాలుగు పాదముల క్రిందను సన్నని కాగితపు కొసను దూర్చి చూడవలెను. ఏ కాలి క్రిందనైనను అది జారినచో ఆ కాలు ఇంకను మోయుటలేదు. తొట్టి నెక్కించి నాలుగవ వంతు నీరు పోసి ఆగవలెను. నీటిమట్టము నుండి అంచునకు నాలుగు మూలల దూరమును కొలువవలెను. సగము పోసి మరల కొలువవలెను. తేడా కనిపించినచో నీరు తోడివేసి సరిచేయుటకు అప్పటికింకను వ్యవధి కలదు. నిండిన తరువాత మూడు క్వింటాళ్ళ బరువు క్రింద ఏ చేయియు రేకును దూర్పలేదు, దూర్పరాదు. తొలి వర్షాకాలము గడచిన పిదప మరియొక మారు ఆ నాలుగు కొలతలను తీసికొని, అవి మారలేదని చూచిన యింటివారు ఇక చేపలను చూచుచు కూర్చుండవచ్చును.